గోడ మీది రుక్మిణి

బతికి ఉన్న ఆడమనిషి బొమ్మ ఆమె పడకగది గోడ మీద ఉండడానికి ఎవరి అనుమతి కావాలి?

రుక్మిణి ఈ ప్రశ్నను మొదట భర్తను అడిగింది. ఆయన గడియారం చూసుకుని, షిఫ్టుకు వేళయిందన్నాడు. ఆడపడుచు సరస్వతమ్మను అడిగింది. ఆవిడ, పప్పులో ఉప్పు వేశావా అంది. షిఫ్టు జవాబు కాదు. పప్పు అసలే కాదు.

ఉత్తరాది ఉక్కు పట్నంలో, కద్మా పేటలోని కంపెనీ క్వార్టరుకు రుక్మిణి కొత్త కోడలుగా వచ్చింది. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉంది. భర్త నరసింహం రోలింగు మిల్లులో ఇంజనీరు. ఏటా జనవరిలో మిల్లుకు సరుకు అమ్మే వ్యాపారులు ఆయనకు క్యాలెండర్లు పంపేవారు. బేరింగుల వాళ్ళు వేంకటేశ్వరుణ్ణి, కొలిమి ఇటుకల వాళ్ళు లక్ష్మిని, గ్రీజు వాళ్ళు బాలకృష్ణుణ్ణి పంపేవారు. ఏడాది ముగిసినా వాటిని దింపడానికి వీల్లేదు. తేదీలకు కాలదోషం పడుతుంది కాని దేవుళ్ళకు పట్టదు కదా! అందుచేత కొత్త దేవుడు పాత దేవుడి వీపు మీదికి ఎక్కేవాడు. మేకులు వంగిపోయేవి. ఆ గదిలో రుక్మిణి చీర మార్చుకోవాలంటే గ్రీజు డబ్బా మీద కూర్చుని వెన్న తినే బాలకృష్ణుడి కళ్ళెదుట మార్చుకోవలసిందే.

పందొమ్మిది వందల ఎనభై రెండులో ఆమె బడిలో తెలుగు చెప్పే ఉద్యోగాన్ని ముందుగానే విరమించుకుంది. ఆ వానాకాలంలోనే పడకగదిని మార్చాలని నిశ్చయించుకుంది. ఇంట్లో వంటగది అందరిది, హాలు వచ్చేపోయే వాళ్ళది, వరండా నరసింహం పత్రికలది. ఒక్క గదైనా తనకు ఉండాలనుకోవడం దురాశ కాదని ఆమె లెక్క.

నైలాను దుప్పట్లు తీసేసింది. పెట్టె అడుగున దాచిన తన పాత నేత చీరలన్నీ బయటికి తీసి, చిరుగులు కత్తిరించి, పొర మీద పొర పరిచి, వర్షాలన్నాళ్ళూ కూర్చుని బొంత కుట్టింది. కాలేజీ రోజుల ఆకుపచ్చ చీర నడిమధ్యకు వచ్చింది; పెళ్ళిచూపుల నాటి నీలం చీర అంచుకు వెళ్ళింది. దానికి అంతకంటే గౌరవం అక్కర్లేదని ఆమె అభిప్రాయం. కిటికీలకు పొందూరు ఖద్దరు తెరలు కట్టింది.

"ఇంజనీరు పెళ్ళానివి, బొంత కప్పుకుంటావుటే?" అంది సరస్వతమ్మ. భర్త పోయినప్పటినుంచి ఆవిడ తమ్ముడి దగ్గరే ఉంటోంది; ఇంటి పరువుకు తానే కాపలా అనుకుంటుంది. "ఎవరైనా చూస్తే మా నరసింహానికి జీతం ఆగిపోయిందనుకుంటారు."

"పడకగదిలోకి వచ్చి చూసేవాళ్ళు ఎవరు వదినా?"

సరస్వతమ్మ ఆలోచించి, "నేను చూస్తున్నానుగా" అంది.

ఇక గోడ. క్యాలెండర్లన్నీ చుట్టి, తాడు కట్టి, పనిమనిషి పైడమ్మ చేతికిచ్చింది రుక్మిణి. పైడమ్మది శ్రీకాకుళం వైపు. ఉండేది భుయ్యాడీహ్ బస్తీలో, సువర్ణరేఖ నది ఒడ్డుకు దగ్గర. దేవుళ్ళను మర్యాదగా నీళ్ళలో కలిపి రమ్మని చెబితే, ఆ కట్ట వైపూ ఖాళీ గోడ వైపూ చూసి, "అందరూ ఎల్లిపోతన్నారేటమ్మా!" అని ముక్కు మీద వేలేసుకుంది.

ఆ ఖాళీ గోడ కోసం రుక్మిణి సాక్చీ బజారు నుంచి నూనె రంగులు తెచ్చి, అద్దం ఎదురుగా కూర్చుని తన మొహం తానే గీసుకుంది. పసుపు చీర, నుదుట రోజూ పెట్టుకునే పెద్ద బొట్టు. అద్దంలోకి గుచ్చి గుచ్చి చూస్తూ గీయడం వల్ల బొమ్మలో కళ్ళు ఇంతింతై కూర్చున్నాయి. అద్దం చూడడానికి కళ్ళజోడు పెట్టుకుంది కాని బొమ్మలో పెట్టలేదు. ఆ ఒక్క అబద్ధమూ ఆమె కావాలని ఆడినదే.

నరసింహం సాయంత్రం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మను పరీక్షించాడు.

"బాగుంది. మీ పిన్నిగారా?"

"నేను."

"ఓహో." మళ్ళీ చూశాడు. "ఇంతకీ తేదీలు ఎక్కడ చూసుకోవాలోయ్?"

ఆదివారంనాడు ఆయన స్నేహితుడు జానకిరామ్ వచ్చాడు. కాఫీ తెచ్చేలోగా నరసింహం అతనికి గది చూపించాడు. జానకిరామ్ కాళ్ళకు చెప్పులు లేకపోయినా ఉన్నట్టే గుమ్మం దగ్గర విడవబోయి, బొమ్మ ముందు తల వంచి నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయారండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు?" అంది వెనకనుంచి, కాఫీ గ్లాసుతో, రుక్మిణి.

జానకిరామ్ ఆమెను చూశాడు. బొమ్మను చూశాడు. పై చదువులు చదివిన మనిషి గనక పొరపాటు ఒప్పుకోలేదు. "మీ అమ్మగారనుకుంటాను. పోలికలున్నాయి" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మన ఇళ్ళల్లో గోడ మీద మొహం ఉందంటే అది పూజ కోసమైనా కావాలి, తద్దినం కోసమైనా కావాలి. మూడో కారణం అతని చదువులో లేదు.

పైడమ్మ చదువుకోలేదు గనక మొదటి కారణం ఎంచుకుంది. శుక్రవారం ఉదయం రుక్మిణి గదిలోకి వెళ్ళేసరికి బొమ్మకు బంతిపూల దండ ఉంది. నుదుటి రంగు బొట్టు మీద అసలు కుంకుమ ఉంది. కింద అగరొత్తులు పొగలు కక్కుతున్నాయి.

"ఇదేమిటే పైడమ్మా?"

"మరేటమ్మా! అంతమంది దేవుళ్ళనీ దింపేసి, ఈయమ్మ నొక్కర్తినీ ఎక్కించినారు. ఈయమ్మ ఎంత గొప్పది కాకపోతే ఆలందరూ లేచి సోటిత్తారు?"

రుక్మిణి జీవితమంతా బడిపిల్లల తప్పులు దిద్దిన మనిషి. ఈ తర్కంలో దోషం వెంటనే దొరకలేదు.

"అది నేనే పైడమ్మా. నా బొమ్మ."

"అవునమ్మా," అంది పైడమ్మ భక్తిగా. "ఆ తల్లి అందరిలోనూ ఉంటాది కదా."

మరుసటి శుక్రవారానికి భుయ్యాడీహ్ నుంచి పైడమ్మ ఇరుగుపొరుగు చిలకమ్మా, తవిటమ్మా వచ్చారు. చిలకమ్మ కొడుక్కి ఉద్యోగం పర్మనెంటు కావాలి. తవిటమ్మ మొగుడు తాగుడు మానాలి. రుక్మిణి రంగులతో గీసిన కళ్ళలోకి ఇద్దరూ చూసి, ఒకరినొకరు పట్టుకున్నారు.

"సూపు సూసినావేటే? నేరుగా గుండెల్లోకే!"

"మా అమ్మోరే. పక్కా!"

సరస్వతమ్మకు ఇప్పుడు ఇంటి పరువు కొత్త దారిలో కనిపించింది. అమ్మవారి ఎదుట ఆలుమగలు పడుకోవడం అపచారమని తీర్పు చెప్పింది. నరసింహం అక్క మాట మీద మంచం హాల్లోకి లాగించి, ఫ్యాను కింద వేసుకుని హాయిగా గుర్రుపెట్టాడు. పొందూరు తెర ఒకటి విప్పి బొమ్మకు అడ్డంగా కట్టారు, నైవేద్యం వేళ తీయడానికి. వచ్చిన వాళ్ళు కూర్చోవడానికి బొంతను నేల మీద పరిచారు. ఆకుపచ్చ చీర మీద కొబ్బరి నీళ్ళు ఒలికాయి.

రుక్మిణి వంటగదిలో చాప వేసుకుని పడుకుంది. ఒక్క గది కోరుకుంది. ఉన్న మంచం కూడా పోయింది. ఆమె బొమ్మకు ఇల్లంతా దణ్ణం పెడుతోంది, ఆమెకు పడుకోవడానికి చోటు లేదు. దేవతను చేసి ఆడదాన్ని గదిలోంచి వెళ్ళగొట్టడం ఎంత పాత విద్యో ఆమె పుస్తకాల్లో చదివింది. తన ఇంట్లోనే, తన రంగులతోనే, తానే దానికి సాయపడుతుందని అనుకోలేదు. తప్పెక్కడ జరిగిందో చాప మీద వెల్లకిలా పడుకుని వెతికితే దొరికింది. కళ్ళజోడు! ఆడిన అబద్ధం ఒక్కటే. అందరూ దాన్నే నమ్మారు.

మూడో శుక్రవారం గది నిండుగా ఉంది. చిలకమ్మ హారతి వెలిగిస్తోంది. రుక్మిణి నల్లరంగు గిన్నె, కుంచె పట్టుకుని లోపలికి వచ్చింది. తెర లాగేసింది. దండ తీసి సరస్వతమ్మ చేతిలో పెట్టింది.

"రుక్మిణీ! ఏం చేస్తున్నావే!"

"మిగిలిపోయిన పని వదినా."

 ఒక కంటి చుట్టూ గుండ్రంగా గీసింది. రెండో కంటి చుట్టూ గీసింది. ముక్కు మీద వంతెన కట్టింది. చెవుల దాకా కాడలు లాగింది.

 చిలకమ్మ, హారతి పళ్ళెం పట్టుకునే, "అమ్మోరికి సత్వారం వచ్చినాదేటే?" అంది.

రుక్మిణి తన కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మ కింద, బొంత మీద, ఆకుపచ్చ చీర తన నడుము కిందికి వచ్చేటట్టు పడుకుని, పుస్తకం తెరిచింది. పైన ఒక కళ్ళజోడు, కింద ఒక కళ్ళజోడు. పైడమ్మ పైకి చూసింది, కిందికి చూసింది.

"ఓలమ్మో! అమ్మగోరే!"

"నేను మొదటి రోజే చెప్పాను."

"సెప్పినారు గాని, ఇంత నిజంగా సెప్పినారని నానేటి ఎరుగుదునమ్మా!"

తవిటమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "అయితే మా ఆయన ఈ వారవంతా తాగనేదు కదా, అదేటి మరి?"

"ఆయన్నే అడుగు," అంది రుక్మిణి పేజీ తిప్పుతూ. "ఘనత ఆయనది. నాకు కట్టబెట్టకు."

"మరి నా కొబ్బరికాయ?"

"పచ్చడి చేశాం. బాగుంది."

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. సరస్వతమ్మ మాత్రం దండ పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. "బతికున్న మనిషి బొమ్మకి దండ వేశాం, ఆయుష్షు క్షీణం" అని గొణిగింది.

"తీసేశాం కదా వదినా. మిగిలిన ఆయుష్షు నేను ఈ గదిలో చూసుకుంటాను."

సాయంత్రం నరసింహం వచ్చి మంచం లోపలికి లాగాడు. కళ్ళజోడు బొమ్మను చూడగానే ఆగి, "అరె, ఇది నువ్వే!" అన్నాడు నిజమైన ఆశ్చర్యంతో. రుక్మిణి ఆ మాటను చెవిన వేసుకుంది. సంతోషించాలో కోపగించాలో తరువాత తేల్చుకోవచ్చు. ఈలోగా ఆయన సంచీలోంచి ఒక చుట్ట బయటికి తీశాడు. గ్రీజు కంపెనీ దీపావళి కానుక, పాలసముద్రంలో విష్ణుమూర్తి.

"పక్క గోడ ఖాళీగా ఉంది కదోయ్. చిన్న మేకు కొడితే..."

"కొట్టండి," అంది రుక్మిణి. "నా బొమ్మ నా గోడ మీద ఉండడానికి ఎవరి అనుమతి కావాలన్న నా ప్రశ్నకు ముందు జవాబు చెప్పి కొట్టండి."

ఆయన సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ గోడకు మేకు పడలేదు.

ఇప్పుడు మీరు లేవండి. మీ పడకగదిలోకి వెళ్ళి గోడ మీద ఎవరున్నారో చూడండి. దేవుళ్ళను పూజగదికి పంపండి, పోయిన వాళ్ళను హాల్లోకి పంపండి. ఆ ఇంట్లో బతికి ఉన్న ఆడమనిషిని పిలిచి, ఖాళీ అయిన మేకు చూపించి, దానికి ఏం తగిలించమంటావని అడగండి. ఆమె చెప్పేదాకా అక్కడినుంచి కదలకండి.