గుమ్మటంలో ఎర్రచుక్క

మా పిన్ని పుట్టి బుద్ధెరిగాక ఒక్క నక్షత్రాన్నీ చూడలేదు. ఆ సంగతి తెలియడానికి నా తల సగం నెరవాల్సి వచ్చింది. నా చిన్నప్పుడు అందరం డాబా మీద పడుకుంటే మా అమ్మ చెల్లెలి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "అదిగో, మూడు వరసగా ఉన్నాయే, కనిపించాయా?" అని అడిగేది. "ఆఁ, కనిపించాయి" అనేది పిన్ని. ఆ "ఆఁ"ని కాస్త సాగదీసేది. అందరం నమ్మేవాళ్లం.

ఆవిడకు పుట్టుకతోనే రేచీకటి. వయసు పెరిగేకొద్దీ చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి, ఇప్పుడు తాళం కంతలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. ఆ కాస్తలో మాత్రం మహా పదును. సూదిలో దారం ఈనాటికీ నాకంటే ముందే ఎక్కిస్తుంది. పక్కనున్న కుర్చీని మాత్రం రోజూ తన్నుకుని, కుర్చీనే తిడుతుంది. పోయిన నెల కళ్ల డాక్టరు ఆ కంత కూడా ఎక్కువ కాలం తెరిచి ఉండదని చెప్పేశాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది మూసుకుపోయేలోగా ఒక్క చుక్కని చూడాలనుందే. ఇన్నేళ్లూ ఉత్తినే తలూపాను" అంది.

నేను పనిచేసేది నక్షత్రశాలలో. రోజూ ఊళ్లోవాళ్లందరికీ ఆకాశం చూపించే మనిషిని. సెలవు రోజున మా గుమ్మటానికి తీసుకెళ్తానని ఆ మెట్ల మీదే మాటిచ్చాను.

మా గుమ్మటం లోపలి కప్పు మీద ఆకాశాన్ని నాలుగు ప్రొజెక్టర్లు తలా ఒక ముక్క వేస్తాయి. ఒక్కోదాని వెనక ఒక కంప్యూటరు, అందులో ఆ బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డులు పాతబడ్డాయి. ఒకప్పుడు వంతెనలూ యంత్రాలూ గీసే ఇంజనీర్ల కోసం తయారైన వర్క్‌స్టేషన్ కార్డులవి. వాటిని తీసేసి కంప్యూటర్ ఆటల కోసం చేసిన డెస్క్‌టాప్ కార్డులు పెడితే ఎలా ఉంటుందో పోల్చి చూడమని మా డైరెక్టరమ్మ పురమాయించింది. కార్డులు తెచ్చి బిగించే పని మా తమ్ముడికి అప్పగించింది. తమ్ముడంటే పిన్ని కొడుకే. కంప్యూటర్లు అమర్చి అమ్మే దుకాణం వాడిది. మాటా నడకా అన్నీ పరుగే కాబట్టి టర్బో అని నేనే పేరు పెట్టాను.

సెలవు రోజు పొద్దున్నే వాడు పెట్టె మోసుకుని దిగాడు. వెనకాలే వాడి భుజం పట్టుకుని పిన్ని.

టర్బో రెండు రకాల కార్డులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పాతది సన్నగా, ఒకే చిన్న ఫ్యానుతో, ఏ అలంకారమూ లేకుండా ఉంది. వాడు తెచ్చినది ఇటుకంత మందం, మూడు ఫ్యాన్లు, అంచున రంగు దీపాలు.

"నీ పాతవి ముసలి గుమాస్తాలక్కా. లెక్క తప్పరు, సీట్లోంచి కదలరు" అన్నాడు. "అమ్మకి చూపిస్తే మొత్తం ఆకాశమే చూపించాలి. పిసినారితనం దేనికి?"

వాడితో వాదిస్తే నా నోరే నొప్పి. ముందు వాడివే బిగించనిచ్చాను. పిన్నిని మధ్య వరసలో కూర్చోబెట్టి దీపాలు ఆర్పాను.

ఒప్పుకోక తప్పదు, నోరెళ్లబెట్టాను. ఇన్నేళ్లుగా ఆ గుమ్మటంలో అంత ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. లక్షల చుక్కలు. పాలపుంత ఈ అంచు నుంచి ఆ అంచుకి పొగలా పరుచుకుంది. కొత్త కార్డు అంతటినీ అవలీలగా గీసేస్తోంది. కాసేపు టర్బో మీద కోపం కూడా మరిచిపోయాను.

రాత్రంతటినీ కొద్ది నిమిషాల్లో తిప్పే మీట నొక్కాను. పిన్ని కంటికి ఆనేలా ముందే వెలుగు బాగా పెంచి ఉంచిన ఎర్రచుక్క ఒకటి తూర్పు అంచున లేచింది. పిన్ని తల అటు తిప్పి ఉంచాను. "దొరికింది" అంది. చుక్కతోపాటు ఆవిడ వేలు మెల్లగా పైకి లేచింది. ఒక ప్రొజెక్టరు బొమ్మ అంచు మీద ఇంకోదాని అంచు పడే అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు ఆగిపోయింది.

"అదేంటే, రెండైంది" అంది. "ఏది నాది?"

అతుకు దాటేలోగా రెండూ ఆ చుక్కల గుంపులో కలిసిపోయాయి. వేలు గాల్లో కాసేపు వెతికి ఒళ్లోకి దిగిపోయింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు టర్బో కాలరెగరేసుకుంటూ.

"ఆఁ, బావుందిరా. ఎన్నున్నాయో" అంది పిన్ని.

ఆ సాగదీతే. డాబా మీద విన్నదే. దీపాలు వేసేశాను.

"పిన్నీ, నిజం చెప్పు."

ఆవిడ చీర కొంగు సర్దుకుంది. "ఒలికిపోయిన ఆవాల్లో నా గింజ ఏదో వెతుక్కున్నట్టుందే. వాడు ఇంత కష్టపడి తెచ్చాడు, ఏమంటాను?"

టర్బో ముఖం చిన్నబోయింది. "అతుకు దగ్గర రవ్వంత తేడా వస్తుందక్కా. నాలుగు కార్డులూ దేని తొందర దానిదే. ఒకటి గీసేసరికి ఇంకోటి వెనకబడుతుంది. మామూలు వాళ్లెవరికీ తెలీదు."

"మీ అమ్మకి తెలిసింది. ఆవిడ చూసేదే అంత మేర. అందులో చుక్క రెండైతే ఇంకేం మిగిలింది?"

ఇంకొకప్పుడైతే వాడు చచ్చినా ఒప్పుకోడు. ఆ రోజు స్క్రూడ్రైవర్ తీసుకుని, ఇటుకలను ఒక్కొక్కటే ఊడదీసి, ముసలి గుమాస్తాలను మళ్లీ కూర్చోబెట్టాడు. వాటికి పైన చిన్న సాకెట్ ఉంటుంది. అందులోంచి వెళ్లే తీగ నాలుగు కార్డులనూ కలుపుతుంది. నలుగురు కలిసి బీరువా ఎత్తినట్టు, నాలుగూ ఒకే క్షణాన బొమ్మ వేస్తాయి. ఎవరూ ముందు కారు, ఎవరూ వెనక కారు. ఆటల కార్డుకి ఆ సాకెట్టే లేదు.

లక్షల చుక్కలు వాటి తరం కాదు. అందుకే పాలపుంత తీసేశాను. కంటికి ఆనే చుక్కలను మాత్రం ఉంచి, వాటిని కాస్త పెద్దవి చేశాను. మళ్లీ చీకటి చేసి మీట నొక్కాను.

ఎర్రచుక్క లేచింది. పిన్ని వేలు లేచింది. అతుకు దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి పీల్చడం మానేశాను. పక్కన టర్బో కూడా అంతే. చుక్క ఆ అతుకు మీదుగా, అక్కడ అతుకనేదే లేనట్టు, వెళ్లిపోయింది. వేలు దాని వెంటే వెళ్లింది. నడినెత్తికి వచ్చింది, దాటింది, ఇంకో అతుకు కూడా దాటి పడమటికి వాలింది. ఇన్నేళ్లుగా రోజూ నేనే తిప్పుతున్న ఆకాశం. అది ఇంత పెద్దదని ఆ పూటే తెలిసింది. పడమటి అంచున చుక్క మునిగేదాకా పిన్ని వేలు దించలేదు.

"మీరంతా కాస్త పెంచి చెబుతున్నారనుకున్నానే ఇన్నాళ్లూ" అంది చివరికి. "చాలా తగ్గించి చెప్పారు."

"ఇంకోటి చూస్తావా అమ్మా?" టర్బో గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది.

"వద్దు. అదే మళ్లీ."

మళ్లీ తిప్పాను. చుక్క తూర్పున లేచీ లేవగానే, నేను చూపించకముందే పిన్ని పట్టుకుంది. పట్టుకుని చీకట్లో తడుముతూ నా ముఖం వెతికింది. నా గడ్డం పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అదిగోనే, అటు కాదు, ఇటు. ఎర్రగా, ఒక్కటే. కనిపించిందా?"

నా కళ్ల నిండా నీళ్లు. గుమ్మటం మొత్తం అలుక్కుపోయి ఒక్క చుక్క కూడా ఆనడం లేదు.

"ఆఁ, కనిపించింది" అన్నాను.