తలుపున్న గది మీద ఒక్క వాక్యం

మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే. అందులో అన్నయ్య భవిష్యత్తు నిద్రపోతూ ఉంటుంది. పొద్దున పది దాటేదాకా దాన్ని ఎవరూ లేపకూడదు. అన్నయ్య డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది. అప్పటినుంచి ఉద్యోగం కోసం గట్టిగా ప్రయత్నిస్తున్నాడు. ఆ ప్రయత్నం ఎక్కువగా వెల్లకిలా పడుకుని, ఫోను ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని జరుగుతుంది.

మిగతావాళ్ళమంతా హాల్లో ఉంటాం. హాలు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. కిటికీ పక్కన మంచం, మంచం మీద నాయనమ్మ, నాయనమ్మ ఒళ్ళో రేడియో. ఎదురుగా అమ్మ కుట్టుమిషను. ఆ రెండింటికీ మధ్య మిగిలిన నేల నా చదువుల గది. వంటింట్లోకి వెళ్ళాలంటే దారి కూడా అదే కాబట్టి అందరూ నా లెక్కల పుస్తకాన్ని దాటుకుంటూ వెళ్తారు. నాన్న మాత్రం దాటడు. బస్సు డ్రైవరు కదా, హారన్ కొట్టినట్టు గొంతు సవరించుకుని, నేను జరిగేదాకా ఆగుతాడు.

అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్ళు తొడుక్కుని చూసుకోవాలంటే నేను తెరనవుతాను. లేచి, పాత దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, చేతులు పైకెత్తి, గోడ వైపు తిరిగి నిలబడాలి. భుజాలు పీకేస్తున్నా దించకూడదు. త్రికోణమితి సూత్రాలు నాకు వచ్చినవరకు ఆ భంగిమలోనే వచ్చాయి. రానివి మొన్నటి పరీక్షలో బయటపడ్డాయి. లెక్కల్లో తప్పాను.

నాన్న తిట్టలేదు. "అసలు పరీక్షల్లో కూడా ఇంతే అయితే చదువు చాలమ్మా. రెండో మిషను కొంటాను, అమ్మ పక్కన కూర్చుందువుగాని" అన్నాడు. చాలా ప్రేమగానే అన్నాడు. బస్సులో ఎవరికైనా సీటు చూపించేటప్పుడు కూడా ఆయన అలాగే మాట్లాడతాడు.

అసలు పరీక్షలకు నెల పైన ఉంది. ఆ నెలకి నాకు ఒక తలుపు కావాలి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నేను దేన్నీ ఎవరికీ చెప్పను. బళ్ళో నా పేరు గుసగుస. ఇంట్లో అన్నయ్య కూడా అదే పేరు వాడుకుంటున్నాడు.

సరిగ్గా ఆ సమయంలో కొత్త టీచరు వాదించే వ్యాసం రాయమంది. నన్ను, వాదించమని.

"ముందు ఒకే ఒక్క వాక్యం తెండి. మీరేమంటున్నారు, ఎందుకంటున్నారు, రెండూ అందులోనే ఉండాలి. వ్యాసమంతా ఆ వాక్యాన్ని నిలబెట్టడానికే" అంది. దాన్ని వాదన వాక్యం అంటారట.

మా బళ్ళో ఇన్నేళ్ళుగా వ్యాసాలన్నీ ఒకేలా మొదలవుతున్నాయి. నేనూ సంప్రదాయం తప్పలేదు. 'మనిషికి చదువు చాలా అవసరం' అని రాసిచ్చాను.

"ఎవరు కాదన్నారమ్మా?" అంది టీచరు.

క్లాసంతా వెతికినా ఎవరూ దొరకలేదు.

"మరి మూడు పేజీలు ఎవరితో వాదిస్తావు? ఇంటికెళ్ళి ఇంకోటి రాసి, అందరికీ చదివి వినిపించు. అందరూ తలూపారంటే చింపెయ్."

రెండోసారి బాగా ఆలోచించి, 'సెల్‌ఫోన్ వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి' అని రాశాను. సాయంత్రం హాల్లో నిలబడి చదివాను.

"బంగారంలా రాశావే" అంది నాయనమ్మ, రేడియో తగ్గించకుండానే.

"కరెక్టు" అన్నాడు నాన్న.

తలుపు వెనక నుంచి "ఊఁ" అని వినిపించింది. అది ఫోనులో ఎవరికో అయినా, నా లెక్కలో ఒప్పుకోలు కిందే వేసుకున్నాను. మా ఇంట్లో ఇంత ఏకాభిప్రాయం ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు టీచరు కాగితం చూసి, "ఇది గోడ మీద పిల్లి. ఏదో ఒక వైపు దూకాలి" అంది. తర్వాత కాస్త మెత్తగా, "నీకు దేనిమీద కోపమో అది రాయి" అంది.

నాకు కోపాలు లేవనుకుంటూ ఇంటికొచ్చాను.

వచ్చేసరికి అమ్మ దగ్గర ఒకావిడ కొత్త గౌను కొలత చూసుకోవడానికి సిద్ధంగా ఉంది. నేను సంచి పడేసి, దుప్పటి పట్టుకుని గోడ వైపు తిరిగాను. గౌను ఇంకా ఆవిడ తల మీదే ఉంది. అప్పుడే అన్నయ్య తలుపు ధడాలున తెరుచుకుంది.

"అమ్మా, టీ!"

ఆవిడ గౌనులోంచే కేక పెట్టింది. అన్నయ్య హడలిపోయి లోపలికి దూకి, తలుపు వేసుకుని, లోపల్నుంచి అన్నాడు: "ఛ, ఈ ఇంట్లో మనిషికి కాస్త ప్రైవసీ లేదు!"

కోపం నాకూ ఉందని, అది ఇన్నాళ్ళూ భుజాల్లో కూర్చుందని అప్పుడు తెలిసింది. ఆవిడ వెళ్ళగానే నేల మీద కూర్చుని రాశాను: 'మా ఇంట్లో తలుపున్న గది పరీక్ష ఉన్నవాళ్ళకే దక్కాలి, ఎందుకంటే నిద్ర ఎక్కడైనా పడుతుంది, చదువు పడదు.'

నాన్న డ్యూటీ దిగి వచ్చి, అందరూ భోజనాలకు కూర్చున్నాక లేచి చదివాను. నా గొంతు నాకే సరిగా వినిపించలేదు.

నాయనమ్మ రేడియో ఆపేసింది.

"ఏంటే, మళ్ళీ చదువు" అన్నాడు అన్నయ్య. మళ్ళీ చదివాను. "అంటే నాకు పరీక్షల్లేవా? గుసగుసా, జీవితమే ఒక పరీక్ష!"

"హాల్ టికెట్ ఏదిరా?" అంది నాయనమ్మ.

"నువ్వుండు నాయనమ్మా! ఇంటర్వ్యూ కాల్స్ వస్తే నేనెక్కడ మాట్లాడాలి?"

"ఎన్ని వచ్చాయి?" అని నేను అడిగాను. నిజంగా తెలుసుకుందామనే.

"ఒకటొచ్చింది."

"అది రాంగ్ నంబరు కదా అన్నయ్యా."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఆడపిల్లకి విడిగా గదెందుకమ్మా?"

"ఆడపిల్లకని రాయలేదు నాన్నా. పరీక్ష ఉన్నవాళ్ళకని రాశాను."

నాన్న కాగితం తీసుకుని చూశాడు. అక్కడ నిజంగా అలాగే ఉంది. ఆయనకు అది నచ్చలేదు.

ఇక్కడిదాకా టీచరు చెప్పినట్టే అంతా సవ్యంగా జరిగింది. ఇద్దరు గట్టిగా కాదంటున్నారు. నాయనమ్మ ఎవరి పక్షమో తెలియకుండా ఆనందిస్తోంది. అమ్మ నా వైపే కాబట్టి ధైర్యంగా అమ్మను చూశాను.

"నేనూ ఒప్పుకోను" అంది అమ్మ.

"అమ్మా!"

"పరీక్ష ఉన్నవాళ్ళకే అన్నావు. మరి ఈ జన్మలో నాకు ఆ గది రాదుగా."

"నీకెందుకే గది?" అన్నాడు నాన్న.

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "చీర మార్చుకోవాలంటే వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి 'ఎవరూ రాకండి, ఎవరూ రాకండి' అని అరుస్తున్నానండీ, పెళ్ళయి వచ్చినప్పటినుంచీ. ఒక్కసారి అరవకుండా మార్చుకోవాలని ఉంది. అంతే."

నేను తలెత్తలేదు. రోజూ పరాయివాళ్ళకి దుప్పటి పట్టుకున్నదాన్ని నేను, అమ్మకి ఒక్కసారీ పట్టలేదు. గోడ వైపు తిరిగి నిలబడటం బాగా అలవాటైపోయింది నాకు.

"సరే, చూద్దాం" అన్నాడు నాన్న. మా ఇంట్లో ఆ మాటతో చాలా విషయాలు ప్రశాంతంగా చచ్చిపోయాయి.

"చూడ్డానికేముంది? తలుపు అక్కడే ఉంది" అంది అమ్మ, కంచం తీస్తూ.

నేను ఆ కాగితం చింపేశాను. కొత్తది రాశాను: 'మా ఇంట్లో తలుపున్న గది వంతులవారీగా అందరిదీ కావాలి, ఎందుకంటే తలుపు లేక ఇబ్బంది పడేది ఒక్కరు కాదు.' ఈసారి ఎవరికీ చదివి వినిపించలేదు, వంటింట్లో అమ్మకి తప్ప. అమ్మ విని, "వంతులు నేను చెప్తాలే" అంది.

మర్నాడు ఆదివారం. పదిన్నరకి అన్నయ్య స్నానానికి వెళ్ళాడు. అమ్మ చేతులు తుడుచుకుని, ఉతికిన చీర ఒకటి తీసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు హాలంతా వినిపించింది.

అన్నయ్య తువ్వాలు కట్టుకుని, నీళ్ళు కారుస్తూ వచ్చాడు. తలుపు తోశాడు. కొట్టాడు.

"అమ్మా! నా బట్టలు లోపలున్నాయి!"

"తీరిగ్గా వస్తాను నాన్నా. చెల్లి దుప్పటి పడుతుందిలే."

అన్నయ్య నా వైపు తిరిగాడు. "పట్టుకోవే."

"చదువుకుంటున్నాను అన్నయ్యా" అన్నాను, అందరికీ వినపడేలా.

పేపరు చదువుతున్న నాన్న, పేపరును ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. "నేను కళ్ళు మూసుకుంటాలేరా" అంది నాయనమ్మ, రెండు కళ్ళూ బాగా తెరిచి.

అమ్మ చాలాసేపటికి బయటికొచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎంత పొందికగా ఉన్నాయంటే, నాన్న పేపరు దించి చూశాడు. "నాలుగింటి నుంచి అన్నం వేళ దాకా ఇది దానికి" అంది అమ్మ నన్ను చూపించి. ఎవరూ కాదనలేదు. టీచరు ఉండుంటే చింపెయ్యమనేదేమో.

నాలుగింటికి లోపలికెళ్ళి, గడియ వేసుకుని, ముందుగా వ్యాసం పూర్తి చేశాను. అవతలివాళ్ళ వాదనను కూడా గౌరవంగా రాయాలని టీచరు చెప్పింది కాబట్టి మూడో పేరా అన్నయ్యకి ఇచ్చాను. తువ్వాలుతో నిలబడ్డ మనిషికి తలుపు ఎంతో అవసరమని అతను నమ్ముతున్నాడని, ఆ ఒక్క విషయంలో నేనూ, అమ్మా అతనితో పూర్తిగా ఏకీభవిస్తున్నామని రాసి, లెక్కల పుస్తకం తెరిచాను.