తొమ్మిదో రోజు తేలిన జాడలు

పొద్దున్నే మునిసిపాలిటీ ఆఫీసుకు రాగానే టేపమ్మ చేసే మొదటి పని తన టేపును తుడుచుకోవడం. అది ముప్ఫై మీటర్ల ఉక్కు టేపు. దాని కొసను కిటికీ ఊచకు తగిలించి, నూనె గుడ్డ చేత్తో పట్టుకుని, గదిలోంచి వరండాలోకి వెనక్కి నడుచుకుంటూ పోయేది. ఎదురొచ్చిన గుమాస్తాలు టీ గ్లాసు ఒలకకుండా వంగి టేపు కిందనుంచి దూరిపోయేవాళ్ళే తప్ప, అడ్డు తియ్యమని ఒక్కరూ అనేవారు కాదు. పందొమ్మిదేళ్ళుగా ఆ ఊరి రోడ్లన్నీ కొలిచింది ఆమే. ఏ సందు వెడల్పు ఎంతో అడిగితే నిద్రలో లేపినా చెప్పేది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంట్లో ఆమె, ఆమె అక్క. బావ పోయాక అక్క ఇక్కడికే వచ్చేసింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో అక్కకు ఉద్యోగం. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. మొదటి బస్సు ఏడింటికి గానీ రాదు. అందుకని ఇరవై రెండేళ్ళుగా సైకిలే. అయిదుంబావుకు సైకిల్ స్టాండు తీసిన చప్పుడు వినబడితే టేపమ్మకు మెలకువ వచ్చేది. దారిలో ఏటి వంతెన దాటాలి. దాని మీద పొద్దున్నుంచీ లారీలే లారీలు.

ఆ ఊళ్ళో వాన పడితే సైకిళ్ళ జాడలు పైకి తేలతాయి. చినుకులకు ఆ రోజువి తేలతాయి. గంటసేపు గట్టిగా కురిస్తే ఆ నెలవి. తడి రోడ్డు మీద వెలుగు గీతల్లా, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. పాలవాడిది తెలుపు. రంగులేసేవాడిది పూటకో రంగు. అక్కది నీలిమందు రంగు. సైకిల్ నేర్చుకునే పిల్లల జాడలకు ఇంకా రంగు అంటదు, గాజులా ఉంటాయి. ఎండ కాయగానే అన్నీ ఇంకిపోతాయి. బడి ఎగ్గొట్టి సినిమాకు పోయినవాణ్ణి తల్లులు వానాకాలంలో ఇట్టే పట్టేసేవాళ్ళు. దుకాణాలవాళ్ళు జాడల మీదుగానే ఊడ్చుకునేవాళ్ళు. లారీలకూ కార్లకూ జాడలు ఎందుకు రావని ఎవరూ అడగలేదు. రావంతే.

మూడేళ్ళ కిందట సైకిళ్ళకు దారి వెయ్యమని ప్రభుత్వం ఆ ఊరికి నిధులిచ్చింది. ఆ వార్త విన్న సాయంత్రం టేపమ్మ చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి పరిగెత్తింది.

"అక్కా, సైకిళ్ళకు వేరే దారి వేస్తున్నారు! ఇక నీకు లారీల బెడద తప్పినట్టే."

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా అక్క చూసుకోలేదు. "నిజంగానే? వంతెన మీద కూడానా?"

"వంతెన మీద వెయ్యకుండా ఇంకెక్కడ వేస్తారే?"

వేశారు, చెరువు చుట్టూ. ఆఫీసు ఇంజనీరు గారు చెప్పిన కారణాల్లో తప్పేమీ లేదు. చెరువు గట్టు మీద చోటుంది. అక్కడ ఎవరి దుకాణమూ కొట్టెయ్యక్కర్లేదు, ఎవరితోనూ పేచీ రాదు. "వంతెనంటే ఉన్నదే ఆరు మీటర్ల అరవై. రెండు లారీలు ఎదురైతే గాలి కూడా పక్కకు జరగాలి. అక్కడెక్కడ ఇరికిస్తామమ్మా?" అన్నాడాయన. నీలం రంగు వేసి, దీపాలు పెట్టి, మలుపు మలుపుకూ ఒక బల్ల వేయించాడు. కొలతలన్నీ టేపమ్మే తీసింది.

దారి తెరిచిన రోజు అక్కను తీసుకెళ్ళి చూపించింది. అక్క అంతా తిరిగి చూసింది. "బాగుందే. చెరువు దగ్గర మొదలై మళ్ళీ చెరువు దగ్గరికే వస్తోంది. ఆస్పత్రికి వెళ్ళాలంటే ఏ పక్క దిగాలి?" అని నవ్వింది. "ఊరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నారు అందుకే. పోనీలే, సెలవు రోజున మంచి చీర కట్టుకొచ్చి తొక్కుతాను." ఆ తరువాత మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నాలుగు మాటలని ఉంటే టేపమ్మకు అంత బాధ ఉండేది కాదు.

ఈ ఏడాది వానలకు ముందు ఒకనాడు అక్క ఇంటికి సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. జాకెట్టు భుజం దగ్గర చిరిగి ఉంది. వంతెన నడిమధ్యన లారీ అద్దం తగిలి రెయిలింగు మీద పడిందట. రెయిలింగు లేకపోతే ఏట్లోకే. టేపమ్మ గాయం కడిగి పసుపు అద్దింది.

"ఇక నా వల్ల కాదే," అంది అక్క. "నెలాఖరుకు మానేస్తానని చెప్పేస్తాను."

"మానేసి?"

"ఏమో. ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? కానీ పొద్దున్నే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎన్నేళ్ళని వెళ్ళను?"

దుప్పటి మీద ఎలాంటి మరకైనా పోగొట్టే చేతులు అక్కవి. లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళందరికీ పని నేర్పింది ఆమే. ఆ చేతులు ఇప్పుడు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

అదే వారం పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి విడత నిధులతో వేసిన దారి వల్ల సైకిల్ తొక్కేవారికి ప్రయోజనం కలిగిందా, లేదా? నివేదిక పంపితే రెండో విడత ఇస్తారు. రెండో విడతతో ఏం చెయ్యాలో ఇంజనీరు గారి బల్ల మీద గీసి సిద్ధంగా ఉంది. చెరువు దారిని అవతలి గట్టుకు కలుపుతూ ఒక అందమైన చెక్క వంతెన.

"ప్రయోజనం ఉందని రాసి తీసుకురండి, సంతకం పెడతాను," అన్నాడు ఇంజనీరు గారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ దారంటే ఆయనకు నిజంగానే ప్రేమ. "మా పాప అక్కడే సైకిల్ నేర్చుకుంది తెలుసా? ఆ మొదటిసారి నేను చెయ్యి వదిలేశాక దాని మొహం చూడాలి మీరు!"

టేపమ్మ తల ఊపింది. కాగితం మూడు రోజులు సంచిలోనే ఉంది. ఉందని రాద్దామంటే అక్క భుజం గుర్తొచ్చేది. లేదని రాద్దామంటే పై ఆఫీసువాళ్ళు సైకిళ్ళకు ఇక పైసా విదల్చరని భయం.

అప్పుడు వాన పట్టుకుంది.

మూడో రోజుకు నిరుటి జాడలు తేలాయి. ఆరో రోజుకు అంతకు ముందెప్పుడో ఊరు విడిచి వెళ్ళినవాళ్ళవి కూడా వచ్చాయి. బళ్ళకు సెలవిచ్చారు. లాండ్రీలోకి నీళ్ళొచ్చి అక్క కూడా ఇంట్లోనే ఉంది. తొమ్మిదో రోజు తెల్లవారుతుండగా వాన నిలిచింది. టేపమ్మ టేపు తీసుకుని, కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయలుదేరింది.

ముందు చెరువు దగ్గరికి వెళ్ళింది. నీలం దారి నిండా గాజు జాడలు. వంకర్లు, సున్నాలు, మధ్యలో తెగిపోయి మళ్ళీ మొదలైనవి. పడి లేచి, పడి లేచి, ఒకచోట హఠాత్తుగా తిన్నగా సాగిన గీత ఒకటి చూసి ఆమె అక్కడే ఆగిపోయింది. ఈ ఊళ్ళో ఇంతమంది పిల్లలు ఇక్కడ మొదటిసారి బ్యాలెన్సు పట్టారా అనుకుంది. ఆ దారిని ఇక ఎవరేమన్నా ఒప్పుకోకూడదనిపించింది. కానీ రంగున్న జాడలు లెక్కపెడితే చేతి వేళ్ళకు సరిపోయాయి.

తరువాత వంతెన దగ్గరికి వెళ్ళింది.

తొమ్మిది రోజుల వానకు వంతెన మీద యాభై అరవై ఏళ్ళ జాడలు లేచి ఉన్నాయి. అవి నేల మీద ఆగలేదు. ఒకదాని మీద ఒకటి పేరుకుని, జడలా అల్లుకుని, రెయిలింగు పక్కన మోకాలెత్తు గోడలా వెలుగుతున్నాయి. మిల్లువాళ్ళవి, పోస్టువాళ్ళవి, ఎప్పుడో పోయినవాళ్ళవి, నిన్నమొన్న చేరినవాళ్ళవి. వాటి వెలుగుకు పైన తడి ఇనుప కమ్మీలు రంగురంగులుగా మెరుస్తున్నాయి. లారీలు వంతెనకు రెండు వైపులా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు దిగి, నెత్తి మీది తుండుగుడ్డలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఇంజన్లు ఆపమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆమె నెమ్మదిగా కూర్చుని అక్క నీలిమందు గీతను వెతికింది. దొరికింది. ఒక్కటి కాదు, వేలు. రానూ పోనూ ఇరవై రెండేళ్ళవి. అన్నీ రెయిలింగును రాసుకుంటూ, ఒక్కటి కూడా రోడ్డు వైపు అంగుళం జరగకుండా. అక్కవే కాదు, అందరివీ అంతే. టేపు తీసి రెయిలింగు నుంచి బయటి అంచు దాకా పట్టింది. మళ్ళీ పట్టింది. రెండుసార్లూ ఒకటే వచ్చింది.

ఇంజనీరు గారికి ఫోన్ చేసింది. ఆయన విసుక్కుంటూనే వచ్చాడు. కారు వంతెన మొదట్లోనే ఆపాల్సి వచ్చింది.

"జాడలు వానకు రాక ఎండకు వస్తాయా? దీనికోసం నన్ను..." అంటూ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

ఆయన కళ్ళు ఒకే గీత మీద ఉన్నాయి. బాగా అడుగున, నిప్పుకణిక ఎరుపులో ఉందది. మిగతావాటిలా ఒకే మందంగా లేదు. లావు, సన్నం, లావు, సన్నం, పూసలు గుచ్చినట్టు.

"ఒంటి కాలితో తొక్కినవాళ్ళది అలా పడుతుంది," అంది టేపమ్మ.

"తెలుసు," అన్నాడాయన. "మా నాన్న. ఇనుము పోత పోసే చోట పని చేసేవాడు. ఎడమ కాలు సన్నం. కుడి కాలితోనే తొక్కేవాడు. నేను ముందు కడ్డీ మీద కూర్చునేవాణ్ణి."

బూట్లు విప్పి, తడిలో ఆ గీత పక్కనే నడిచాడు. టేపమ్మ వెనకాలే వెళ్ళింది. వంతెన మధ్యలో గీత ఒకచోట అడ్డంగా జారిపోయి, రెయిలింగును గుద్దుకుని తెగింది. ఒక జానెడు ఖాళీ. మళ్ళీ మొదలైంది, ఇంకా వణుకుతూ.

ఇంజనీరు గారు ఆ ఖాళీ ముందు చతికిలబడ్డాడు.

"ఇక్కడ పడ్డాం," అన్నాడు. "లారీ. నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. నాన్న మోచెయ్యి రక్తం. నన్ను లేవదీసి, చొక్కా దులిపి, అమ్మకు చెప్పకురా అన్నాడు. చెప్పలేదు. అలా చెప్పకుండా చెప్పకుండా నేనే మరిచిపోయాను."

కాసేపటికి లేచి వంతెన చివరిదాకా నడిచాడు. అక్కడ, పాత బడి మలుపు దగ్గర, గీత ఉన్నట్టుండి తేలికైంది. కొడుకును దించేసిన చోటు అది. అక్కడినుంచి ఆ మనిషి ఒక్కడే వెళ్ళిన జాడ దూరంగా, సన్నగా, పోతపని కొలిమి ఉండే వీధి వైపు సాగింది. ఇంజనీరు గారు దాన్ని కనుమరుగయ్యేదాకా చూశాడు.

వెనక్కి వచ్చి, "అందరికీ కలిపి ఎంత వచ్చింది?" అని అడిగాడు.

"యాభై ఎనిమిది సెంటీమీటర్లండి."

"ఇంకోసారి కొలుద్దాం. ఈ కొస నేను పట్టుకుంటాను."

పందొమ్మిదేళ్ళలో ఏ ఇంజనీరూ ఆమె టేపు కొస పట్టుకోలేదు. ఇద్దరూ వంతెన పొడుగునా కొలిచారు. ఎండ వచ్చి జాడలు ఇంకేదాకా లారీలు కదల్లేదు.

నివేదికలో టేపమ్మ రాసింది ఇంతే: "చెరువు దారి వల్ల సైకిల్ నేర్చుకునే పిల్లలకు ప్రయోజనం ఉంది. దాన్ని అలాగే ఉంచాలి. సైకిల్ మీద పనికి వెళ్ళేవారికి ప్రయోజనం లేదు. వాళ్ళు వెళ్ళేది వంతెన మీదుగా. అక్కడ వాళ్ళందరికీ కలిపి మిగిలిన చోటు యాభై ఎనిమిది సెంటీమీటర్లు. రెండో విడత అక్కడికి కావాలి." కింద రెండు సంతకాలు.

ఆ రాత్రి అన్నాలు తింటూ ఆ సంగతి చెబితే అక్క నమ్మలేదు. "కాగితాలు కదిలేలోపు నా పళ్ళూడతాయిలే," అంది. కానీ మర్నాటికల్లా ఇంజనీరు గారు తారు డ్రమ్ముల్లో ఇసుక నింపించి వంతెన మీద వరసగా పెట్టించాడు. లారీలు ఒక్కో వైపు నుంచి వంతులవారీగా వెళ్ళాలని రెండు చివర్లా మనుషుల్ని నిలబెట్టాడు. లారీ యజమానులు ఆఫీసుకొచ్చి బల్లలు గుద్దారు. ఎవరెంత అరిచినా ఆయన, "వంతులవారీగానే వెళ్ళండి," అన్నాడు. అక్క డ్రమ్ములు చూసొచ్చి, "సరే, ఇవి ఉన్నన్నాళ్ళూ వెళ్తాను," అంది.

రెండో విడత రావడానికి ఆర్నెల్లు, పని పూర్తవడానికి ఎనిమిది నెలలు పట్టింది. సైకిళ్ళ దారికి అడిగింది రెండు మీటర్ల వెడల్పు, ఇచ్చింది మీటరున్నర. అయినా లారీ ఎక్కలేనంత ఎత్తు గట్టు కట్టారు.

తెరిచిన మొదటి రోజు తెల్లవారుజామునే టేపమ్మ వంతెన దగ్గరికి వెళ్ళి నిలబడింది. పనుల్లోకి వెళ్ళే సైకిళ్ళు ఒక్కొక్కటే వస్తున్నాయి. అక్క వంతెన ఎక్కి చాలాసేపయింది, ఇంకా అవతలికి చేరలేదు. టేపమ్మ వంతెన మీదికి పరిగెత్తింది.

నడిమధ్యన అక్క సైకిల్ ఆపి, ఒక కాలు గట్టు మీద పెట్టి, రెయిలింగు మీదుగా కిందికి చూస్తోంది. పక్కనుంచి మిగతావాళ్ళు గంట కొట్టి వెళ్ళిపోతున్నారు.

"ఏమైందక్కా? దెబ్బ తగిలిందా?"

"ఏం కాలేదే. అటు చూడు." కింద ఏరు పొద్దుటి వెలుగులో పచ్చగా, రెండు పాయలై, మధ్యలో ఒక చిన్న ఇసుక దిబ్బను చుట్టుకుని పోతోంది. దిబ్బ మీద తెల్లటి పక్షులు. "ఇరవై మూడేళ్ళుగా దీని మీదుగా వెళ్తున్నాను. కింద ఇది ఉందని నాకు తెలీదే."

"ఆరవుతోంది, ఆలస్యమవుతుంది నీకు."

"అవనీ," అంది అక్క. "ఒక్క నిమిషం అవనీ."