ఆగిన ఊగుడు కుర్చీ

పొద్దున్నే మ్యూజియం తలుపులు తీశాక, టికెట్లిచ్చే ఆమె మొదట చేసే పని ఊగుడు కుర్చీ కింద నేలకు మైనం రాయడం. కర్రకు ఆవిరి పట్టించి, వంచి, కుర్చీలు చేసిన కాలం నాటి సామానంతా అక్కడుంది. పొడుగాటి ఆవిరి పెట్టెలు, వేడి కర్రను బిగించిన ఇనప అచ్చులు, గోడ పొడుగునా కుర్చీలు. అన్నీ బుద్ధిగా ఉండేవి, ఆ ఊగుడు కుర్చీ ఒక్కటే తప్ప. చేసినవాడు నేలమీద దించిన రోజు నుంచీ అది ఊగుతూనే ఉంది. నేల అరిగిపోతోందన్న బాధే గానీ ఎవరికీ వేరే పట్టింపు లేదు.

ఇంట్లో ఆమె మొగుడూ అంతే. బస్సు నడిపే ఉద్యోగం మానేశాక కాలు ఒకచోట నిలిచేది కాదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి. కంటిమీద కునుకు లేక మనిషి సగమయ్యాడు.

"ఇలాగే ఉంటే గుండె తట్టుకోదమ్మా," అన్నాడు డాక్టరు.

మర్నాడే అతన్ని మ్యూజియానికి వెంటబెట్టుకొచ్చింది.

"ఇందులో కూర్చోండి."

"కూర్చోరాదని బోర్డుందిగా?"

"ఆ బోర్డు పెట్టింది నేనే. కూర్చోండి."

కూర్చున్నాడు. కుర్చీ రెండు ఊపులు ఊగి ఆగింది. అతని కాళ్లూ ఆగాయి. తల వాల్చి గురక మొదలెట్టాడు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "జనం వచ్చేదే అది ఊగుతుంటే చూడ్డానికి! లేపండమ్మా!"

"లేపను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. ఈయన నిద్రపోయి ఎన్నాళ్లయిందో మీకేం తెలుసు?" ఆమె అడ్డు తప్పుకోలేదు.

సాయంత్రానికి అతను తేటమొహంతో కళ్లు తెరిచాడు. అతన్ని లేవదీయబోతూ ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుంది. అరచేతిలోంచి ఏదో జరజరా పాకి అరికాళ్లలోకి దిగింది. కుర్చీ మాత్రం కదల్లేదు.

మేనేజరు తల పట్టుకుని, చివరికి తేల్చాడు. "ఆపినవారే ఊపాలి. రేపట్నుంచి వచ్చి కాలితో తోస్తూ కూర్చోండి బాబాయ్. జీతమిస్తాం."

ఇంటికెళ్లాక అతను మఠం వేసుక్కూర్చుని మారు అన్నం పెట్టించుకున్నాడు. ఆమె వసారాలోకెళ్లింది, వంటింట్లోకొచ్చింది, మళ్లీ వసారాలోకెళ్లింది.

"నువ్వూ కూర్చోరాదూ?"

"కూర్చుంటా," అంటూనే చెప్పులేసుకుంది.

"ఎక్కడికీ?"

"ఇప్పుడే వస్తా."

కాపురానికొచ్చాక ఇల్లూ మ్యూజియమూ తప్ప ఊరెలా ఉంటుందో చూసింది లేదు. వీధి చివర బస్సు ఆగితే ఎక్కేసింది.

"ఎక్కడికమ్మా?" అడిగాడు కండక్టరు.

"ఇదెక్కడిదాకా పోతే అక్కడిదాకా."

సీట్లన్నీ ఖాళీ. అయినా ఆమె నిలబడే ఉంది.