పొయ్యి పక్క పడక

"అత్తయ్యా, గిన్నెలు తర్వాత తోముదురుగాని, ముందు మనవాళ్లని కొండలోకి దింపండి!" హాల్లోంచి కోడలు కేకేసింది.

ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. కోడలి కుడి మణికట్టు విరిగి కట్టు పడ్డప్పటి నుంచి ఆ పిల్ల ఆటకి ఈవిడే చెయ్యి. ఆటలో మరుగుజ్జులు ఎప్పుడో తాతల నాడు పోగొట్టుకున్న కొండ కింది రాజ్యానికి తిరిగొస్తున్నారు. కూలిన సొరంగాలు తవ్వుకోవాలి, కొలుములు వెలిగించుకోవాలి, కాపురాలు నిలబెట్టుకోవాలి. మొదట్లో "ఈ వయసులో నాకు బొమ్మలాటా?" అని సిగ్గుపడింది గానీ, వెళ్లిపోయినవాళ్లు మళ్లీ వస్తున్నారన్న మాటకే ఆవిడ మనసు కరిగిపోయింది. ఎవరు గడప దాటినా ఇక కనిపించరేమోనని బెంగపడే మనిషి మరి.

ఈరోజు గదులు పంచే పని. తవ్వేవాళ్లకి, కమ్మరికి, కాపలావాళ్లకి తలా ఒకటి ఇచ్చింది. ముసలి రాజుకి రెండు. వంటామె పడక మాత్రం, ఏమీ ఆలోచించకుండానే, పొయ్యి పక్కన వేసేసింది.

కాసేపటికి తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: "వంటామె వెళ్లిపోతోంది." వేలెడంత మనిషి, మూట భుజాన వేసుకుని కొండ ద్వారం వైపు నడుస్తోంది.

"అయ్యయ్యో, నేనేమన్నాను దాన్ని?"

"ఏమీ అనలేదు. గది ఇవ్వలేదు."

"రోజంతా వంటింట్లోనేగా ఉంటుంది, దానికి గదెందుకూ..."

మాట సగంలో ఆగిపోయింది. అది తన మాట కాదు. తన అత్తగారు మంచాన పడ్డప్పుడు, పిలిస్తే వినబడాలని తను వంటింటి పక్క నడవలో చాప వేసుకుంది. అత్తగారు పోయి ఏళ్లయింది. ఈలోగా భర్త ఒంటరి నిద్రకి అలవాటుపడ్డాడు. పక్క గదేమో ఆయన దాచుకున్న పాత పేపర్లతో నిండిపోయింది. "ఆ గది నేను తీసుకోనా?" అని ఒకసారి అడిగితే, "రోజంతా వంటింట్లోనే ఉంటావు, నీకు గదెందుకే?" అని నవ్వాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే కాబోలు ఆవిడకీ కోపం రాలేదు. ఆ నడవలోనే జుట్టు నెరిసింది.

కోడలు దగ్గరికి జరిగింది. ఎడమచేత్తో ఆవిడ వీపు నిమిరింది. "ఇంకా ద్వారం దాటలేదు అత్తయ్యా. త్వరగా."

ఆవిడ గబగబా రాజు గదుల్లో ఒకటి లాగేసి వంటామెకి ఇచ్చింది.

"దీపం పెట్టచ్చా?"

"పెట్టండి."

"కిటికీ?"

"కొండ కింద కిటికీ ఏంటి అత్తయ్యా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ద్వారం దగ్గర వంటామె ఆగింది. మూట దించింది. వెనక్కి తిరిగింది. తెర ముందు ఆవిడ కళ్లొత్తుకుంది.

"రాజుగారు అలిగితేనో?"

"అలగనివ్వండి."

సాయంత్రం భర్త షికారు నుంచి వచ్చేసరికి పేపర్ల కట్టలన్నీ నడవలో ఉన్నాయి. పక్క గదిలో ఆవిడ కిటికీ రెక్కలు తుడుస్తోంది. కొత్త దుప్పటి పరిచి ఉంది.

"ఏమిటే ఈ హడావుడి? ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావట్లేదండీ," అంది ఆవిడ, గుడ్డ పిండుకుంటూ. "నేను వెళ్లిపోకుండా చూసుకుంటున్నాను."