జేబులో సూది ఉందా?

ఆ గదికి ఒకటే నియమం. వాడేసిన సూది తెచ్చి పసుపు డబ్బాలో వెయ్యాలి, కొత్త సూది పట్టుకెళ్ళాలి. పేరు అడగరు, ఊరు అడగరు, నీతులు అసలే చెప్పరు. మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్ళు ఒకరి సూది ఒకరు వాడి లేనిపోని రోగాలు తెచ్చుకోకూడదని పెట్టిన గది అది. మందు మానే రోజు ఎప్పుడొచ్చినా, అప్పటిదాకా మనిషంటూ మిగలాలి కదా అంటుంది నర్సమ్మ.

ఆ గదికి గండం బయటినుంచి రాలేదు, ఆవిడ ఇంట్లోంచే వచ్చింది. మరిది ఎస్సై అయి, సరిగ్గా ఆ పేటకే బదిలీ అయ్యాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? గదికి ఎదురుగా జీపు పెట్టించాడు. వాడిన సూదిలో చుక్క మందు మిగిలున్నా చట్టప్రకారం నేరమే. గదికొచ్చే ప్రతివాడి జేబులోనూ ఆ సూదే ఉంటుంది. ఇక వెతుక్కునే శ్రమ కూడా లేదు.

"చేపలన్నీ ఒక్కచోటికే వస్తుంటే వల ఇంకెక్కడ వెయ్యమంటావు వదినా?" అన్నాడు భోజనాల దగ్గర.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టే తెలివి మీ వంశంలో నీకొక్కడికే వచ్చిందయ్యా. మీ అన్నయ్య కాస్త నయం" అంది ఆవిడ వడ్డిస్తూ.

నవ్వుతూనే అంది గానీ, ఆవిడ మనసంతా గది మీదే ఉంది. తొమ్మిది రోజులుగా టైలరు రాలేదు. సందు చివర చిరుగులు కుట్టే మనిషి. రోజూ పదింటికల్లా వచ్చి, గడప దగ్గరే ఆగి, "ఎడమ జేబులో ఉందమ్మా, చూసుకోండి" అని ముందే చెప్పేవాడు. సూదులతో బతికినవాడు కదా, ఎదుటివాళ్ళ వేళ్ళ మీద జాగ్రత్త. ఇప్పుడు పసుపు డబ్బా అడుగు కనిపిస్తోంది. రానివాళ్ళంతా మందు మానేశారనుకోవడానికి ఆవిడేమీ వెర్రిది కాదు. పాత సూదులే పంచుకుంటున్నారు. టైలరు కూడా పంచుకుంటున్నాడేమోనని ఆవిడ భయం.

పదో రోజు మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చింది టైలరు కాదు, మరిది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"గుచ్చుకుంది వదినా. ఆ టైలరు నీ గదికే వస్తుంటే ఆపి, జేబులో చెయ్యి పెట్టాను."

ఆవిడ గబుక్కున లేచింది. వేలు పట్టుకుని కుళాయి కింద పెట్టి సబ్బు రాసింది. "పిండకు. జేబులో ఉందని ఆయన చెప్పలేదా?"

"అడిగాను. లేదన్నాడు."

"ఉందంటే ఏం చేసేవాడివి?"

"కేసు రాసేవాణ్ణి."

"మరి లేదనక ఏం చేస్తాడు నాయనా. సూదేది?"

రుమాల్లో చుట్టి తెచ్చాడు. "ముందు డబ్బాలో వెయ్యి" అంది. గదిలోకొచ్చిన సూది ముందు డబ్బాలో పడాలి, మాటలు తర్వాత. అది పదిహేనేళ్ళ అలవాటు. భయంలో ఉన్న మరిది చెప్పినట్టే వేశాడు. వేశాక వెలిగింది.

"వదినా, అది సాక్ష్యం."

"డబ్బా మళ్ళీ తెరుచుకోదయ్యా. నేరుగా కాల్చేసే చోటికే పోతుంది."

నిజం చెప్పాలంటే ఆవిడ కావాలని చెయ్యలేదు. కావాలని చేసి ఉంటే ఇంకా బాగుండేదని మాత్రం అనుకుంది.

"ఆ టైలరుకి రోగాలేమైనా ఉన్నాయా? నీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు, చెప్పను. మరిదివైనా సరే. స్టేషన్లో కూచోబెట్టే ఉంటావుగా, వెళ్ళి ఆయన్నే అడుగు. మనిషిని అడిగినట్టు అడుగు. ముందు ఆసుపత్రికి పద, రోగం అంటుకోకుండా వేసే మాత్రలు గంటల్లోనే మొదలెట్టాలి."

సాయంత్రం గది మూసే వేళకి టైలరు వచ్చాడు. కేసు లేదని వదిలేశారట.

"ఎస్సైగారు నెమ్మదిగానే అడిగారమ్మా. పోయిన నెల ఇక్కడ చేసిన రక్తపరీక్షలో రోగమేమీ లేదని చెప్పాను." తల దించుకున్నాడు. "ఈ తొమ్మిది రోజులూ వేరేవాళ్ళ సూది వాడానని కూడా చెప్పాను. అందుకని ఎస్సైగారు నెల్లాళ్ళు మాత్రలు మింగాల్సిందేనట."

ఆవిడకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. టైలరుకీ మళ్ళీ పరీక్ష చీటీ రాసి, కొత్త సూది చేతిలో పెట్టింది.

"నేనేమీ తేలేదు కదమ్మా."

"మీ వంతు మా మరిది తెచ్చి వేశాడులెండి."

మర్నాడు పొద్దున కూడా జీపు అక్కడే ఉంది. మరిది ఒక కుర్రవాణ్ణి ఆపాడు. మాత్రలకి కడుపులో తిప్పుతున్నట్టుంది, మొహం వాడిపోయింది.

"జేబులో సూది ఉందా? ఉంటే చెప్పు, కేసు రాయను."

"లేదండి" అన్నాడు కుర్రవాడు వెంటనే.

మరిది చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగిపోయింది. "సరే, వెళ్ళు" అన్నాడు.

కుర్రవాడు రోడ్డు దాటి గడప దగ్గర ఆగాడు. "కుడి జేబులో ఉందమ్మా, చూసుకోండి" అన్నాడు.

అవతలికి వినిపించింది. మరిది తన వేలికేసి ఒకసారి చూసుకున్నాడు. కాసేపటికి జీపు కదిలిన చప్పుడయింది.