మంచి ఉప్పు

రాజయ్య ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. బాయి అతనికి ఇచ్చిన వాటిలో నడుంనొప్పి ఒకటి. ఆ నొప్పికి మందుల దుకాణంలో తోచిన గోళీ అడిగి మింగడం ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ మధ్య బీపీ చూపించుకోవడానికి పోతే, డాక్టరు రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు కొంత బలహీనపడ్డాయని, నొప్పి గోళీలు మానెయ్యమని చెప్పాడు. రాజయ్య మానేశాడు. బీపీ గోళీ ఒక్కటే రోజూ వేసుకుంటున్నాడు. కిడ్నీల మాట ఇంట్లో అందరూ మెల్లగా మరిచిపోయారు.

ప్రవళిక అతని ఒక్కగానొక్క బిడ్డ. బెల్లంపల్లి నుంచి రోజూ బస్సులో మంచిర్యాల పోయి, అక్కడి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఆరోగ్యం పేరిట ఫోన్లలో తిరిగే మాటలంటే ఆమెకు ఒళ్ళు మంట. ఎవరైనా ఏ ఆకురసమో తాగితే షుగర్ పోతుందని పంపితే, "ఎందరి మీద చూసిండ్రు? తాగనోళ్ళతోటి పోల్చి చూసిండ్రా?" అని తిరిగి రాసేది. జవాబు వచ్చేది కాదు. మెల్లగా చుట్టాలు ఆమెకు పంపడమే మానేశారు.

ఆమెకు అసలు పేచీ సొంత కాక సదానందంతోనే. రాజయ్య తమ్ముడు. బజార్లో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని, పొద్దున్నే జనానికి పౌడర్ కలిపిన షేకులు పోస్తుంటాడు. గోడ నిండా ఫోటోలు. ఒక పక్క లావుగా, పక్కనే సన్నగా, అదే మనిషి.

"గీ గోడ మీద లేనోళ్ళేమైండ్రు కాకా?" అని ఒకసారి అందరి ముందే అడిగింది. "తాగినా సన్నగ కానోళ్ళు, మధ్యల ఇడిచిపెట్టినోళ్ళు, దవాఖానల పడ్డోళ్ళు. వాళ్ళ ఫోటోలు ఏడ పెట్టినవ్?"

సదానందం మొహం చిన్నబోయింది. "నీకన్నీ అనుమానాలే బిడ్డా" అన్నాడు.

తమ్ముడి మీద ప్రేమతో రాజయ్య కొన్నాళ్ళు ఆ షేక్ తాగాడు. ప్రవళిక పట్టుబట్టి మాన్పించింది. "మరి మీ బాపు బీపీకి నువ్వేం చెప్తవ్?" అని సదానందం అడిగిన మాట మాత్రం ఆమెను వదల్లేదు.

వెతికింది. దొరికింది. వేలమంది పల్లె జనాన్ని రెండు గుంపులు చేసి, ఏళ్ళ తరబడి చూసిన పెద్ద అధ్యయనం. ఒక గుంపు మామూలు ఉప్పు తిన్నది. రెండో గుంపు సోడియం కొంత తగ్గించి, దాని బదులు పొటాషియం కలిపిన ఉప్పు తిన్నది. రెండో గుంపులో బీపీ తగ్గింది, పక్షవాతాలు తగ్గాయి. అమ్మేవాడి మాట కాదు, గోడ మీది ఫోటో కాదు. ప్రవళిక ఆ రోజే ఆ ఉప్పు తెప్పించి, వంటింట్లో డబ్బా ఖాళీ చేసి నింపింది. దాంతోపాటు రోజూ కొబ్బరి నీళ్ళు, అరటిపండు, ఆకుకూరలు. బీపీ నిజంగానే కొంత దిగింది. రాజయ్య వాడకట్టంతా చెప్పుకున్నాడు. అడిగినవాళ్ళకు ప్రవళిక తానే ప్యాకెట్లు తెప్పించి ఇచ్చింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక పొద్దున రాజయ్య పెరట్లో మొహం కడుక్కుంటూ గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"కాళ్ళు నాయి కానట్టున్నయి బిడ్డా" అన్నాడు.

బస్సుకు తయారవుతున్న ప్రవళిక పరుగున వచ్చి పట్టుకుంది. ఆ బరువు ఆమెకు కొత్త. ఎప్పుడూ తన బరువు తానే మోసుకున్న మనిషి గోనెసంచిలా ఒరిగిపోతున్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుంది. నాడి ఒకసారి కొట్టింది. ఆమె ఎదురుచూసింది. మళ్ళీ కొట్టడానికి అది చాలాసేపు తీసుకుంది.

"అవ్వా, ఆటోను పిలువు" అంది తల్లి కిష్టవ్వతో.

మందమర్రి దాటినంక రాజయ్య మాట్లాడటం మానేశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కిష్టవ్వ భర్త అరచేతులు రుద్దుతూ, "ఏమన్న అను, జర ఏదన్న అను" అంటూనే ఉంది. ప్రవళిక మణికట్టు వదల్లేదు. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా నాడి చేతికి అందకుండా పోయేది. ప్రతిసారీ ఇక అంతేననుకునేది.

మంచిర్యాలలో దగ్గర్లో ఉన్న దవాఖానకు తీసుకుపోయారు. ఛాతీ మీద తీగలు అంటించి ఈసీజీ తీశారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఆ కాగితం చూడగానే నర్సును పిలిచి, నరానికి ఏదో ఇంజక్షన్ మెల్లగా ఎక్కించమంది. ఆమె పరుగెత్తలేదు, గొంతు పెంచలేదు. కానీ కాగితం మీంచి చూపు తీసిన తీరు చూసి ప్రవళిక బాపు మంచానికి దగ్గరగా జరిగింది.

రక్తపరీక్ష వచ్చింది. "పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది. గుండె లయ తప్పుతోంది, ఏ నిమిషంలోనైనా ఆగిపోవచ్చు. కిడ్నీలు బయటికి పంపలేకపోతున్నాయి" అంది డాక్టరమ్మ. "ఏమేం మందులు వాడుతున్నారు? ఏమేం తింటున్నారు? నాటు మందులు, పౌడర్లు ఏమైనా ఉన్నాయా?"

అప్పటికే కబురంది సదానందం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కిష్టవ్వ అతని వైపు చెయ్యి చూపింది. "గీయినే అమ్మా. పౌడర్లని, షేకులని తాగిచ్చిండు. వద్దంటే ఇనలే."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "ఏం పౌడర్ అండీ? అందులో ఏముందో మీకు తెలుసా? కిడ్నీ పేషెంటుకు ఎలా ఇచ్చారు?"

ఎప్పుడూ నలుగురిలో గట్టిగా మాట్లాడే సదానందం, గోడకు ఆనుకుని, అన్న పడుకున్న మంచం వైపు చూస్తూ చిన్నపిల్లాడిలా అయిపోయాడు. "నాకు తెల్వదమ్మా. మంచిదనే ఇచ్చిన" అన్నాడు.

ఆ మాట ప్రవళికకు గుండెలో గుచ్చుకుంది. బాపు పౌడర్ మానేసి నెలలు దాటింది. ఇప్పుడు ఒంట్లో ఉన్న పొటాషియం ఆ షేకుది ఎలా అవుతుంది? పొటాషియం అన్న మాట ఆమె నోట్లోనే తిరిగింది. మొన్ననే క్లాసులో బోర్డు మీద గుండె బొమ్మ గీసి, ఈ పదార్థం మించితే కండరం ఎలా మొరాయిస్తుందో పిల్లలకు చెప్పింది. వంటింట్లో తాను స్వయంగా నింపిన డబ్బా కళ్ళముందుకు వచ్చింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంటికి పోయి ఆ డబ్బా పారబోస్తే చాలు. కాకకు ఎలాగూ చెడ్డపేరు ఉండనే ఉంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు భయమేసింది.

"పౌడర్ ఎప్పుడో బంద్ చేసిండు మేడం" అంది. "నేను ఉప్పు మార్చిన. పొటాషియం కలిపిన ఉప్పు. మూడు పూటల కూరల్ల అదే. రోజు కొబ్బరి నీళ్ళు గూడ నేనే ఇచ్చిన. బీపీ తగ్గుతదని చదివిన."

డాక్టరమ్మ రాయడం ఆపింది. తిట్టలేదు. "బీపీ గోళీ పేరు చెప్పండి" అంది. పేరు విని తల ఊపింది. "ఆ గోళీ కూడా పొటాషియాన్ని ఒంట్లో ఆపుతుంది. బలహీనమైన కిడ్నీలు, పైన ఆ గోళీ, పైన మీ ఉప్పు. చెప్పి మంచిపని చేశారు. లేకపోతే ఇక్కడ తగ్గించి పంపేదాన్ని, ఇంటికెళ్ళి మళ్ళీ అదే తినేవారు."

రాజయ్యను డయాలసిస్ గదిలోకి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. కిష్టవ్వ బిడ్డ మొహం చూడలేదు, బిడ్డ అవ్వ మొహం చూడలేదు. ప్రవళిక వరండా బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ అధ్యయనం మళ్ళీ తెరిచింది. ఈసారి మొదటి నుంచి చదివింది. ఎవరిని చేర్చుకున్నారో చెప్పేచోట ఒక వాక్యం ఉంది. ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవారిని, పొటాషియాన్ని పెంచే మందులు వాడేవారిని ఇందులోకి తీసుకోలేదు. ఆనాడు ఆ వాక్యం మీంచి ఆమె కళ్ళు జారిపోయాయి. అధ్యయనంలో అబద్ధం లేదు. బాపులాంటి మనిషే అందులో లేడు.

సదానందం వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను దెప్పబోయే మాటలకు సిద్ధపడి ఆమె తల వంచుకుంది.

"అన్నను నేనే సంపిననుకున్న బిడ్డా" అన్నాడతను. తర్వాత మెల్లగా, "నా తాన రోజొచ్చేటోళ్ళల్ల కిడ్నీలు ఎవలెవలికి ఖరాబున్నయో నేనెన్నడు అడగలే" అన్నాడు.

అప్పుడు ఆమెకు వాడకట్టు గుర్తొచ్చింది. ఎవరెవరికి ప్యాకెట్లు ఇచ్చింది? ఎదురింటి వాళ్ళకు ఫరవాలేదు, అందరూ గట్టివాళ్ళే. టైలర్ తహసీన్‌కు ఇచ్చింది, ఆమెకు బీపీ తప్ప మరేమీ లేదు, గోళీలు కూడా వేసుకోదు. చివరింటి సాంబయ్యకు ఇచ్చింది. సాంబయ్యకు ఏళ్ళనాటి షుగర్. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదని మొన్ననే నవ్వుతూ చెప్పాడు. అది కిడ్నీలు చెడిన గుర్తు కావచ్చని ఆమె అప్పుడు ఆలోచించలేదు.

సాంబయ్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆమె మొహం చూసి సదానందం లేచాడు. "నువ్వు బాపు కాడ ఉండు. నేను పోత" అని బండి తాళాలు తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె రెండు తలుపుల మధ్య కూర్చుంది. ఒకటి ఎదురుగా ఉంది, మూసి ఉంది. రెండోది బెల్లంపల్లిలో ఉంది, దాని వెనుక ఏముందో తెలియదు. నర్సు బయటికి వచ్చినప్పుడల్లా లేచేది. ఆమె వేరే ఎవరి పేరో పిలిచేది. మళ్ళీ కూర్చునేది.

ఫోన్ మోగింది. కాక నంబరే, కానీ గొంతు సాంబయ్యది.

"ఫోన్ చార్జింగ్ పెట్టి పండుకున్న బిడ్డా. గా ఉప్పా? ఒక్కనాడు ఏసిండ్రు, నోట్లె పెట్టబుద్ధి కాలే. నువ్వు కష్టపడి తెచ్చినవని చెప్పలే. గట్లనే మూలకున్నది. ఏమైంది, మీ బాపు మంచిగున్నడా?"

ప్రవళిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కిష్టవ్వ లేచి వచ్చి, ఏమీ అడగకుండా, బిడ్డ తల తన కడుపుకు ఆనించుకుంది.

సాయంత్రం పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది. రాజయ్య నాడి కుదురుకుందని, ఇంకో రెండు మూడు రోజులు ఉంచాలని చెప్పారు. లోపలికి పోతే అతను నీరసంగా కళ్ళు తెరిచాడు.

"ఏమైండెనే నాకు?"

"నేనిచ్చిన ఉప్పు బాపు" అంది ప్రవళిక. "నీకు పడనిది. నేను సూస్కోలే."

"మరి గా తహసీన్‌కు?" అన్నాడు. "ఆమె బీపీ మస్తు తగ్గిందని చెప్పవట్టె."

"ఆమెకు మంచిదే బాపు. అయినా ఒకసారి పరీక్ష చేపిచ్చుకోమంట."

అతను కళ్ళు మూసుకున్నాడు. ప్రవళిక మంచం పక్కన స్టూలు లాక్కుని, మళ్ళీ అతని మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టింది, వెంటనే మళ్ళీ కొట్టింది. నర్సు వచ్చి, మిషను చూపిస్తోంది కదా, మీరు వదిలెయ్యొచ్చు అని చెప్పినా ఆమె వదల్లేదు.